మా వదిన రోజూ చేసే తప్పు

మా వదిన రెండూ రెండూ అయిదని బోర్డు మీద రాస్తే, ఆమె దాన్ని చెరిపేదాకా లోకంలో రెండూ రెండూ అయిదే. ఆమె చేతికి అంత మహత్తు ఉంది. ఒకసారి త్రిభుజానికి నాలుగు మూలలు గీసింది. సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి మా వీధి చివర మూడు రోడ్ల కూడలి కాస్తా నాలుగు రోడ్లయి కూర్చుంది. నమ్మనివాళ్లు వచ్చి చూసుకోవచ్చు. ఆ నాలుగో రోడ్డు మీద ఇప్పుడు పంక్చర్ల షాపు కూడా పెట్టారు.

ఆమె లెక్కల టీచరు. అదే బడికి పిల్లల్ని తెచ్చి, తీసుకెళ్లే వాన్‌కి నేను డ్రైవర్ని. నా చదువు సంగతంటారా, ఏడో తరగతి సగంలో ఉండగా బడి మానేశాను. నేను మానేశాక ఆ బడి మళ్లీ కోలుకోలేదని, మాస్టర్లు నా ఖాళీ బెంచీ వైపు చూసి నిట్టూర్చేవారని అందరూ చెప్పుకుంటారు. అందరూ అంటే నేనే. చదువుల గురించి రాయడానికి వీడెవడని ఎవరికైనా అనిపిస్తే ఒక్కటే మాట. చేపల వేట గురించి గేలం తప్పించుకున్న చేప కంటే బాగా ఎవరు చెప్పగలరు?

నేను లాగుల్లో తిరిగే రోజుల్లో ఆమె మా ఇంటికి వచ్చింది. మా అన్నయ్య నీళ్ల పంపుల దగ్గర ఆపరేటరు. రోజంతా మోటార్ల హోరులో ఉండి ఉండి, మాట్లాడినా ఎవరికీ వినబడదని రూఢి చేసుకున్న మనిషి. కాబట్టి ఇంట్లో వదినతో వాదులాడే బాధ్యత చిన్నప్పటి నుంచీ నా నెత్తినే పడింది. కడుపు నిండా అన్నం పెట్టి, ఆ తర్వాత నోరు మూయించడం ఆమె పద్ధతి.

బడిలో ఆమెది చివరి గది. గదికి అసలు పేరొకటి ఉంది గానీ అందరూ చివరి గదనే అంటారు. పొడుగాటి వరండా, దాని చివర విరిగిన బెంచీలు పడేసే కొట్టు, దాని పక్కన ఈ గది. కిటికీ రెక్క ఒకటి మూసుకోదు. బయట కుళాయి కారుతూ ఉంటుంది. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి మార్కులు రానివాళ్లనందరినీ ఏరి అక్కడ కూర్చోబెడతారు. అక్కడికి ఎందుకొచ్చారో ఆ పిల్లలకి ఎవరూ చెప్పరు. వరండాలో మిగతా గదులన్నీ దాటుకుంటూ నడిచే నడకే చెబుతుంది. అలా నడిచి వచ్చినవాడు ఇంక చెయ్యెత్తడు. అడిగితే నేల చూస్తాడు. కొడితే భరిస్తాడు, తిడితే వింటాడు, బుజ్జగిస్తే అనుమానపడతాడు.

మొదటి తప్పు నిజంగా తప్పే. ఆ రోజు వదినకు జలుబు, తలపోటు. బోర్డు మీద లెక్క చేస్తూ ఒకచోట మైనస్ గుర్తు మర్చిపోయింది. వెనక బెంచీలోంచి ఎవరో గొణిగారు. "ఎవరది?" అంటూ ఆమె వెనక్కి తిరిగింది. చివరికి సైకిల్ మెకానిక్ కొడుకు లేచి నిలబడ్డాడు, దెబ్బకి చెయ్యి ముందే చాపి. ఆ చేతిలో ఆమె సుద్దముక్క పెట్టింది.

వాడు దాన్ని తేలుని చూసినట్టు చూశాడు. తర్వాత వెళ్లి మైనస్ పెట్టాడు. ఆమె వాణ్ణి వెనక్కి పంపకుండా ఇంకోటి అడిగింది.

"నేనెందుకు అలా రాశానంటావు?"

వాడు ఆలోచించాడు. "పై లైను చూడకుండా తొందరగా కిందికి దిగిపోయారు టీచర్. మైనస్ బ్రాకెట్ బయట ఉండిపోయింది."

"అంతే" అంది మా వదిన.

ఒక టీచరు మనసులో ఏం జరిగిందో ఆ గదిలో ఒక పిల్లాడు ఆమెకే విప్పి చెప్పడం అదే మొదలు. బెల్లు కొట్టేదాకా ఎలుక కన్నం ముందు పిల్లుల్లా అందరూ ఆమె చెయ్యినే చూస్తూ కూర్చున్నారట.

మర్నాడు ఆమె కావాలనే తప్పు చేసింది. చేసే ముందు పద్ధతి చెప్పింది. రోజూ బోర్డు మీద ఎక్కడో ఒకచోట తప్పుంటుంది, ఎక్కడో చెప్పను. పట్టుకున్నవాళ్లకి సుద్దముక్క. అయితే పట్టుకోగానే అయిపోదు, ఆ తప్పు చేసిన మనిషి ఏమనుకుని చేశాడో చెప్పాలి. వాడు తెలివితక్కువవాడు అనకూడదు. వాడికీ ఒక కారణం ఉంటుంది, అది వెతకాలి. ఒప్పుని తప్పనుకుని లేచినా ఫర్వాలేదు, అది ఎందుకు నిలబడుతుందో అందరం కలిసి చూద్దాం. ఇంతే. బహుమతి లేదు, బెత్తం లేదు.

ఇక మా ఇంట్లో వంటతో పాటు తప్పులు కూడా వండటం మొదలైంది. కూరలు తరుగుతూ ఆమె తనలో తాను గొణుక్కునేది. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి పరీక్షించేది. నేను సాయం చేయబోయాను.

"ఏడెనిమిదులు వంద అని రాసెయ్ వదినా. పిల్లలు అదిరిపోతారు."

"అది తప్పు కాదు, వెర్రి. తప్పంటే కాస్త బుద్ధున్నవాడు చేసేలా ఉండాలి."

"అంటే నాలాంటివాడు."

"కాస్త బుద్ధున్నవాడు అన్నాను."

ఒక రాత్రి భోజనాల దగ్గర అన్నయ్య, కూరలో ఉప్పు లేదన్నాడు. పట్టుకున్నారు కదా, మరి నేనెందుకు మర్చిపోయానో కూడా చెప్పండి అంది వదిన. ఆయన ముద్ద పక్కన పెట్టి చాలాసేపు ఆలోచించి, "వీడితో మాట్లాడుతున్నావు కాబట్టి" అన్నాడు. ఆ నెలలో ఆయన మాట్లాడిన పెద్ద వాక్యం అదే.

నా వాన్‌లో సంగతి వేరేగా ఉండేది. అంతకుముందు చివరి గది పిల్లలు వాన్‌లో కూడా చివరి సీట్లలోనే, బస్తాల్లా పడి ఉండేవాళ్లు. ఇప్పుడు ఎక్కిన దగ్గర్నుంచీ దిగేదాకా ఆ రోజు తప్పు మీదే తగువు. ఆ అరుపుల ఊపుకే వాన్ నడిచేది. డీజిల్ పొయ్యక వారం దాటినా ముల్లు కదల్లేదంటే మీరు నమ్మరు, అది మీ ఖర్మ.

ఆ పిల్లల్లో ఒకతి నా సీటు వెనకే కూర్చునేది. అందరూ నీడ అని పిలిచేవాళ్లు. గోడ పక్కన కూర్చుని కూర్చుని గోడలోనే కలిసిపోయింది కాబట్టి ఆ పేరు. హాజరు పిలిస్తే, గోడే పలికిందనుకుని మాస్టర్లు టిక్కు పెట్టేవారని నేను చెబుతుంటాను. తల్లి లేదు. పిన్ని దగ్గర ఉండేది. పిన్నికి లాండ్రీ షాపుంది. బడి నుంచి రాగానే పిల్ల ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడేది. కుడి చేతి వేళ్ల మీద ఎప్పుడూ ఎక్కడో ఒకచోట కాలిన మచ్చ ఉండేది.

ఏడాది మొదట్లోనే పిన్ని బడికి వచ్చి వదినతో విషయం తేల్చి చెప్పింది. ఈ ఒక్క ఏడాది చూస్తాను, గట్టెక్కితే చదివిస్తాను, లేకపోతే షాపులో పెట్టుకుంటాను, నాకూ మనిషి కావాలి అంది. కోపంగా కాదు, వాన పడేలా ఉంది బట్టలు తీసెయ్యాలి అన్నంత మామూలుగా అంది. ఆ రోజు నుంచి మా వదినకి ఆ ఏడాదిలో కావలసింది ఒక్కటే అయింది. ఆ పిల్ల బడిలో నిలవాలి. ఎవరైనా ఇంకేదైనా చెప్తే వినేది గానీ, మధ్యలో కళ్లు ఆ గోడ వైపు పోయేవి.

చాలా రోజులు నీడ నోరు విప్పలేదు. చూసేది, అంతే. ఒకరోజు వదిన భిన్నాల కూడికలో తప్పు పెట్టింది. సగానికి మూడో వంతు కలిపి అయిదింట రెండు వంతులు అని రాసింది. గది గదంతా వెతుకుతోంది. ఎవరికీ అంతు చిక్కలేదు. గోడ దగ్గర్నుంచి గొంతు వచ్చింది.

"దుప్పటి సగం ఇస్త్రీ చేశాక ఇంకో మూడో వంతు చేస్తే, చేసింది సగం కంటే తగ్గిపోయిందేంటి టీచర్?"

వదిన మామూలు ప్రశ్నే అడిగింది, రాసినవాడు ఏమనుకున్నాడంటావని.

"పైన ఉన్నవి పైవాటితో, కింద ఉన్నవి కిందవాటితో కలిపేశారు. కలపమన్నారు కదా, కనబడినవన్నీ కలిపేశారు. పాపం."

ఆ పాపం అన్న మాట మా వదిన ఆ సాయంత్రం వాన్‌లో నాకు చెప్పింది, ఇంట్లో అన్నయ్యకి చెప్పింది, పడుకోబోయే ముందు గిన్నెలు సర్దుతూ మళ్లీ తనలో తాను చెప్పుకుంది. తప్పు చేసినవాడి మీద జాలిపడింది చూడు, అంది. ఆ పిల్లకి తన మీద కూడా ఆ జాలి ఎప్పటికైనా పుడుతుంది, అంది.

అప్పట్నుంచి నీడకి మాటలొచ్చాయి. ఎక్కువ కాదు. వాన్ ఎక్కుతూ, "డ్రైవరన్నా, రేపటి తప్పు మీకు తెలుసా?" అనేది. తెలుసు, కానీ అది బయటపెడితే ప్రభుత్వం పడిపోతుంది అనేవాణ్ణి. అద్దంలో చూస్తే నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగి ఉండేది.

ఇంత బాగున్నదాన్ని ఎవరో దుర్మార్గుడు వచ్చి చెడగొట్టాడని రాస్తే నాకు సులువు. అలాంటివాడు దొరికితే నేను ఇంకో ఇరవై పేజీలు వాణ్ణే చీల్చి చెండాడేవాణ్ణి. దొరకలేదు. వచ్చినాయన మంచివాడు. అక్కడే చిక్కొచ్చి పడింది.

కొత్త హెడ్మాస్టరు గారిని మేం పెద్దసారు అంటాం. పిల్లలంటే ప్రాణం. బడి తెరవకముందే వచ్చి గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కర్నీ పలకరించేవాడు. పిల్లల్లో ఉత్సాహం నింపాలని ఆయన తపన. దానికోసం ముందు హాల్లో ఓ పెద్ద బోర్డు పెట్టించాడు. ఒక్కో గదికి ఒక్కో గడి. తరగతిలో సరైన జవాబు చెబితే గదికి పాయింట్లు, తప్పు చెబితే కోత. వారం చివర ముందున్న గదికి రిబ్బన్. రిబ్బన్లు ఆయన భార్యే ఇంట్లో కుట్టి పంపేదట.

ఆయన ఒకరోజు చివరి గదికి వచ్చి, కాలు ఊగే బెంచీ మీద పిల్లల మధ్య కూర్చున్నాడు. ఆ రోజు తప్పు నీడే పట్టింది. ఎందుకో కూడా చెప్పింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇన్నేళ్ల సర్వీసులో ఇలాంటిది చూడలేదన్నాడు. ఆ మాట నిజంగానే అన్నాడు.

తర్వాతి సోమవారం టీచర్లందర్నీ కూర్చోబెట్టి, ఇక నుంచి అన్ని గదుల్లోనూ మేడం గారి పద్ధతే అని చెప్పాడు. మా వదిన ముఖం వెలిగింది. ఆ వెలుగు ఉండగానే మిగతాది చెప్పాడు. తప్పు పట్టుకుంటే గదికి రెండు పాయింట్లు. లేని తప్పుని తప్పంటే ఒకటి కోత.

పాయింట్లు వద్దు సార్ అని వదిన అందట. ఆవిడ వినయం చూడండి అని ఆయన అందరితో అన్నాడట. అందరూ చప్పట్లు కొట్టారట. చప్పట్ల మధ్య ఇంకోసారి వద్దండం ఎలాగో ఆమెకు తెలియలేదు.

మొదట్లో బడి మోగిపోయింది. సైన్సు సారు సూర్యుడు పడమట పొడుస్తాడని రాశాడు. గది మొత్తం ఒక్కసారే అరిచింది, రెండు పాయింట్లు. డ్రాయింగ్ మాస్టారు ఆకాశానికి ఆకుపచ్చ వేశాడు, రెండు పాయింట్లు. అందరికీ సులువైన తప్పులే కావాలి. ఎందుకు చేశారన్న ప్రశ్నకి పాయింట్లు లేవు కాబట్టి అది మెల్లగా రాలిపోయింది. ముందు గదుల్లో పిల్లలు గబగబా చేతులెత్తేవారు, ఎత్తినవాళ్లు గెలిచేవారు.

చివరి గదిలో ఇద్దరు కుర్రాళ్లు చురుకైనవాళ్లు. పట్టడం వాళ్ల పని అయిపోయింది. మిగతావాళ్లెవరైనా నోరు తెరవబోతే పక్కవాడు మోచేత్తో పొడిచేవాడు. నువ్వు ఊరుకో, కోత పడుతుంది. ఊరుకోవడం వాళ్లకి కొత్తేం కాదు, ఇట్టే పాత అలవాటులోకి జారిపోయారు.

ఓ శుక్రవారం, రిబ్బన్‌కి చివరి గది ఒక్క పాయింటు దూరంలో ఉంది. వాళ్ల జన్మలో అంత దగ్గరికి రాలేదు. నీడ లేచి, మూడో లైను తేడాగా ఉంది టీచర్ అంది. మూడో లైను సరిగ్గానే ఉంది. వదిన తన అలవాటు ప్రకారం, మంచిచోటే చూశావు, ఇది ఎందుకు నిలబడుతుందో చూద్దాం రా అంది. అప్పటికే పాయింట్లు రాసే లీడరు ఒకటి కొట్టేశాడు. చూద్దాం రా అన్న మాట ఎవరికీ వినబడలేదు.

ఆ సాయంత్రం వాన్‌లో నీడని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఒక పిల్ల మాత్రం తాపీగా, "నీడలు మాట్లాడవే. నీకు తెలీదా?" అంది. వాన్ గొల్లుమంది. నేను బ్రేక్ మీద కాలేశాను. నేను బ్రేకేస్తే భూమి తిరగడం కూడా కాసేపు ఆగుతుంది. ఆ నవ్వులు మాత్రం ఆగలేదు. ఏమనాలో నాకు తోచలేదు. నా నోరు అలా ఖాళీగా ఉండటం నా జీవితంలో అరుదు. అద్దంలో ఆ పిల్ల కిటికీ వైపు కూడా తిరగలేదు. నేరుగా నా సీటు వెనక రెగ్జిన్‌ని చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత వదిన పడని పాట్లు లేవు. నీడకు మాత్రమే తట్టే తప్పులు వెతికి వెతికి రాసింది. బట్టల లెక్కలు, వేడి లెక్కలు, నీళ్ల లెక్కలు. నీడకు తెలుస్తున్నట్టు ఆమెకు తెలిసిపోయేది. తప్పున్న లైను దగ్గరకి రాగానే ఆ పిల్ల పెన్సిలు ఆగేది. ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలి ఆ తప్పునే ఉన్నదున్నట్టు రాసుకునేది. నోరు మెదిపేది కాదు. వదిన బోర్డు ముందు సుద్దముక్క పట్టుకుని నిలబడేది, రాని బస్సు కోసం నిలబడ్డట్టు.

ఒకరోజు తలుపు మూసేసి, ఇవాళ పాయింట్లు లేవు అని ప్రకటించింది. కోత లేదు, రిబ్బన్ లేదు, లీడరు తన పుస్తకం మూసెయ్యొచ్చు, మొదట్లో ఆడినట్టే ఆడదాం అంది. పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. సైకిల్ మెకానిక్ కొడుకు లేచాడు. వాడు పెంకెగా అడగలేదని, నిజంగా తెలియకే అడిగాడని వదిన చాలాసార్లు చెప్పింది.

"పాయింట్లు లేకపోతే ఇంక ఎందుకు టీచర్?"

అంతకు ముందు ఆ ప్రశ్న ఆ గదిలో ఎవరికీ పుట్టలేదు కాబట్టి జవాబు తయారుచేసుకోవాల్సిన పని ఆమెకీ పడలేదు. కుళాయి కారుతున్న చప్పుడు వింటూ అందరూ బెల్లు కోసం కూర్చున్నారు.

ఇంట్లో ఆమె తప్పులు వండటం మానేసింది. అన్ని కూరల్లోనూ ఉప్పు సరిగ్గా పడసాగింది. అన్నయ్య తిని చెయ్యి కడుక్కుని, ఏదో అనబోయి, పంపుల దగ్గరకి వెళ్లిపోయేవాడు.

చివరికి ఆమె పెద్దసారు గదికి వెళ్లింది. వాన్ తాళాలు ఆ గదిలో మేకుకి వేలాడుతుంటాయి కాబట్టి వాటికోసం నేనూ గుమ్మంలో ఉన్నాను. మా గదికి మాత్రమైనా పాయింట్లు తీసెయ్యండి సార్ అంది ఆమె. ఆయన కుర్చీ చూపించి, కూర్చున్నాక మాట్లాడాడు.

"ఒక్క గదికే తీసేస్తే ఏమనుకుంటారమ్మా ఆ పిల్లలు? మనల్ని ఆటలోంచి కూడా తీసేశారనుకోరూ?"

అది అబద్ధం కాదు. ఆమె మరో దారి పట్టింది. పోనీ అన్ని గదుల్లోనూ ఆపండి అంది. ఆయన బాధగా నవ్వాడు. మిగతా గదుల్లో బడి ఎగ్గొట్టేవాళ్లు తగ్గారని, ఎప్పుడూ లేనన్ని చేతులు లేస్తున్నాయని చెప్పాడు. అదీ అబద్ధం కాదు. రోజూ గేటు దగ్గర దింపేవాణ్ణి, నాకు తెలుసు. మీ ఒక్క పిల్ల గురించి నేను చెయ్యగలిగిందేమైనా ఉంటే చెప్పండి, చేస్తాను అన్నాడు. ఏం చెయ్యమనాలో ఆమెకీ తెలియదు. ఆయన సొరుగు తీసి, ఇది ఎప్పుడో ఇవ్వాల్సింది అంటూ ఒక రిబ్బన్ ఇచ్చాడు. ఉత్తమ ఉపాధ్యాయురాలని దాని మీద దారంతో కుట్టి ఉంది. కుట్టు చాలా ముచ్చటగా ఉంది. థాంక్యూ సార్ అని తీసుకుంది.

వాన్ ఎక్కాక నేను వేళాకోళమాడబోయాను. "ఇంక మన ఇంట్లో అందరం లేచి నిలబడాలి కాబోలు."

"బండి తియ్యి" అంది.

ఆ తర్వాత ఒక సోమవారం లాండ్రీ ముందు హారన్ కొడితే నీడ రాలేదు. మంగళవారమూ రాలేదు. ఆ తర్వాత రోజు నేను దిగి వెళ్లాను. పిన్ని తడి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. తగువుకి నేను సిద్ధంగానే వెళ్లాను. పనికిమాలిన దానివి, పిల్ల చదువు ముంచేస్తావా అని దులిపెయ్యాలని మాటలన్నీ నోట్లో పేర్చుకున్నాను.

"నేను పంపనన్లేదు బాబూ" అంది ఆమె. "ఏడాదంతా చూస్తానన్నాను, మాటంటే మాటే. అదే రానంటోంది. కొట్టి పంపమంటావా?"

పేర్చుకున్న మాటలన్నీ మింగేసి వచ్చి బండెక్కాను.

ఆ సాయంత్రం పిల్లల్ని దింపేశాక వదిన ఇంటికి పోనివ్వలేదు, లాండ్రీకి పోనియ్యమంది. షాపులో ఆవిరి, సబ్బు వాసన. గోడ పొడుగునా తీగల మీద చొక్కాలు తలలు లేని జనంలా వేలాడుతున్నాయి. నీడ బల్ల దగ్గర నిలబడి ఒక చొక్కా ఇస్త్రీ చేస్తోంది. మమ్మల్ని చూసి ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, నమస్తే టీచర్ అంది. ఏ తప్పూ చెయ్యనట్టు, ఏ తప్పూ జరగనట్టు అంది. వదిన కుశలం అడిగింది. ఆ పిల్ల బాగున్నానంది. ఇద్దరూ ఆ చొక్కా వంకే చూశారు.

మరకల మీద గుర్తు పెట్టుకునే సుద్దముక్క బల్ల మీద ఉంది. వదిన అది తీసుకుని, బల్ల మీద పరిచిన దుప్పటి అంచున రాసింది. మూడూ నాలుగూ కలిపి, వచ్చినదాన్ని దానితోనే హెచ్చవేస్తే ఇరవై అయిదు. రాసి, సుద్దముక్క ఆ పిల్ల వైపు జరిపింది.

నాకైతే తప్పు తెలియలేదు. ఆ పిల్లకి వెంటనే తెలిసింది. ఆమె పెదవులు కదిలాయి. చూపు ఒక చోట ఆగింది. మా వదిన తొమ్మిదో తరగతి మొత్తం ఆ బల్ల మీదే పెట్టి ఎదురుచూస్తున్నట్టు నిలబడింది.

నీడ చొక్కాని ఆ అంకెల మీదికి లాగి పరిచింది. చేతుల దగ్గర ముడతలు సర్దింది.

"చెప్పవా?" అంది వదిన. "నా కోసం చెప్పు."

"మీకు తెలుసు కదా టీచర్, అది తప్పని."

అని ఇస్త్రీ పెట్టె తీసుకుంది. విసురుగా అనలేదు. బతిమాలుతున్న పెద్దమనిషిని చూసి ఇబ్బందిపడినట్టు, ఇంక అడక్కండి అన్నట్టు అంది. పిన్ని లోపల్నుంచి వచ్చి కూర్చోమంది. వద్దులే వెళ్లొస్తాం అన్నాం. రేపట్నుంచి రా అని వదిన అంది. ఆ పిల్ల తల ఊపింది. ఎటు ఊపిందో మా ఇద్దరికీ తెలియలేదు.

మేం బయటికొచ్చి వాన్ ఎక్కాం. ఆ తర్వాత జరిగింది వినండి. వాన్ పట్టుమని పది గజాలు కదిలిందో లేదో, వెనక నుంచి కేక. నీడ చెప్పులు కూడా లేకుండా రోడ్డు మీద పరుగెత్తుకొస్తోంది. "నలభై తొమ్మిది టీచర్! విడివిడిగా హెచ్చవేసి కలిపేశారు, పాపం!" అని అరిచింది. ఆ అరుపుకి బస్సులు ఆగిపోయాయి, మేడల మీద జనం కిటికీలు తెరిచారు, సిగ్నల్ దీపాలు మూడూ ఒక్కసారే వెలిగాయి. మా వదిన వాన్ లోంచి దూకి ఆ పిల్లని ఎత్తుకుంది. ఇది నేను స్టాండు దగ్గర డ్రైవర్లందరికీ చెప్పాను. కొందరి కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి.

రాసిందంతా వంటింటి గుమ్మంలో నిలబడి వదినకి చదివి వినిపించాను. ఆమె పరీక్ష పేపర్లు దిద్దుతోంది. పంక్చర్ల షాపు దగ్గర నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. ఉప్పు దగ్గర ఎర్ర పెన్ను ఒక్కసారి ఆగింది. చివరిదాకా విని, తల ఎత్తకుండానే చెప్పింది.

"రాలేదు. నువ్వు బండి వెనక్కి తిప్పేటప్పుడు చూశాను. ఇంకో చొక్కా తీసుకుంది."